టిఫిన్ బండి ఆటకు ఐకాన్: బండి వద్దు, దోశ తిప్పే చెయ్యి గీయించండి

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది. బెంగళూరు మారతహళ్లిలో ఉంటున్న మీరూ మీ స్నేహితుడూ కలిసి టిఫిన్ బండి ఆట తయారుచేశారు. కస్టమర్ అడిగిన దోశ, ఇడ్లీ, వడ టైముకి అందించాలి. దోశను వేలితో పైకి తోస్తే తిరగబడుతుంది, ఆలస్యం చేస్తే మాడిపోతుంది. ఆడినవాళ్ళకి నచ్చుతోంది. కానీ ప్లే స్టోర్‌లో మీ పేజీ దాకా వచ్చేవాళ్ళు తక్కువ, వచ్చినవాళ్ళలో ఇన్‌స్టాల్ చేసేవాళ్ళు ఇంకా తక్కువ. ఐకాన్‌లో బండి, దాని వెనక వంట చేసే ఆవిడ, ముందు ముగ్గురు కస్టమర్లు, పైన తెలుగులో ఆట పేరు ఉన్నాయి. ఆర్టిస్టును మార్చాలా అని అడిగారు.

మార్చక్కర్లేదండీ. ఆ బొమ్మ పెద్ద సైజులో చూస్తే ముచ్చటగా ఉంది, చెయ్యి తిరిగిన మనిషే గీశారు. చిక్కంతా మీరు అప్పజెప్పిన పనిలో ఉంది. ఆటలో ఉన్నవన్నీ కనపడాలని అడిగారు, ఆయన అన్నీ పెట్టారు. స్టోర్‌లో వేలితో పైకి తోసుకుంటూ పోయే మనిషి మీ ఐకాన్ దగ్గర ఒక్క క్షణం కూడా ఆగడు. ఆ కాస్తలో అతనికి ఒకే ఒక్క సంగతి అందాలి: ఈ ఆటలో నా వేలికి దొరికే పని ఏమిటి? మీ ఆటలో ఆ పని దోశ తిప్పడం. మీ ఐకాన్‌లో బండి ఉంది, మనుషులున్నారు, పేరుంది. దోశ మాత్రం ఎక్కడో ఒక మూల చుక్కలా ఉంది.

నేను బెంగళూరులోనే గేమ్ స్టూడియోల్లో స్టోర్ ఆర్ట్ మీద, అంటే స్టోర్ పేజీలో కనపడే బొమ్మల మీద, చాలా ఏళ్ళుగా పనిచేస్తున్నాను. క్యాజువల్ ఆటల (కాసేపు సరదాగా ఆడే తేలిక ఆటల) ఐకాన్ నా చేతికి వచ్చినప్పుడల్లా ముందు అడిగేది ఆ వేలి పని ఏమిటనే. జవాబు ఒక్క క్రియలో రావాలి: తిప్పడం, కోయడం, కలపడం, పేల్చడం. అది తేలాక మిగతా నిర్ణయాలు చాలావరకు వాటంతట అవే తేలతాయి. అది తేలకుండా రంగుల గురించీ ముఖాల గురించీ ఎంత మాట్లాడుకున్నా టైము వృథా.

ముందు సైజు సంగతి. ప్లే స్టోర్‌కి మీరు ఇచ్చే ఐకాన్ 512×512 పిక్సెళ్ల పీఎన్‌జీ. మీరూ మీ ఆర్టిస్టూ దాన్ని మానిటర్ నిండా పెట్టుకుని చూస్తున్నారు. వెతికేవాడి ఫోన్‌లో అది బొటనవేలి గోరంత ఉంటుంది. అందుకే గీస్తున్నంతసేపూ పక్కన చిన్న సైజు కూడా కనపడుతూ ఉండాలి. ఫోటోషాప్‌లో అదే ఫైలుని ఇంకో విండోలో తెరిచి చిన్నది చేసి పెట్టుకోవచ్చు, పెద్దదాంట్లో గీస్తుంటే చిన్నదాంట్లోనూ మారుతుంది. నేను 48 పిక్సెళ్ల దగ్గర చూస్తాను. ఆ సైజులో మీ ముగ్గురు కస్టమర్లు మూడు మచ్చలు, బండి చక్రం ఒక చుక్క, పేరు ఒక గీత. గీసినవాళ్ళకి మనసులో బొమ్మంతా తెలుసు కాబట్టి ఆ మచ్చలే మనుషుల్లా కనపడతాయి. కొత్తవాళ్ళకి కనపడవు.

ఇప్పుడు దోశ. ఇక్కడ మీకు మంచి అదృష్టం ఉంది, ఎందుకంటే దోశ వేయడం కంటికి చాలా ఇంపైన పని. అయినా అందులో ఏ క్షణాన్ని గీయాలన్నది జాగ్రత్తగా ఎంచుకోవాలి. పిండి పోసి గుండ్రంగా తిప్పిన క్షణం తీసుకుంటే నల్ల పెనం మీద తెల్లటి గుండ్రం, చిన్న సైజులో అది పళ్ళెమో చందమామో తెలీదు. పూర్తిగా కాలి మడత పెట్టిన దోశ తీసుకుంటే గోధుమరంగు గొట్టం, కర్రముక్క అనుకున్నా ఆశ్చర్యం లేదు. అట్లకాడ కిందికి దూరి దోశ సగం లేచిన క్షణం చూడండి. కింద ఎర్రగా కాలిన వైపు కనపడుతుంది, పైన ఇంకా తెల్లగా ఉంటుంది, నల్ల పెనం అడుగున ఉంటుంది. మూడు వేర్వేరు రంగులు, ఏటవాలుగా ఒక గీత. ఇంకో సగం పని మిగిలే ఉంది. చూసినవాడికి దాన్ని పూర్తిగా తిప్పేయాలనిపిస్తుంది. ఆ అనిపించడమే ఇన్‌స్టాల్ బటన్ దాకా తీసుకెళ్తుంది.

ఇది ఊహించి గీయకండి, వెళ్ళి చూడండి. బెంగళూరులో ఉండి దోశకి రిఫరెన్స్ ఫోటోలు ఇంటర్నెట్‌లో వెతకడం అన్యాయం. బసవనగుడి గాంధీబజార్‌లో దోశలకి పేరున్న విద్యార్థి భవన్ హోటల్ 1943 నుంచి ఉంది. అంత దూరం పోలేకపోతే మీ వీధిలో ఏ దర్శినికైనా (నిలబడి తినే చిన్న టిఫిన్ హోటల్) ఉదయం పూట వెళ్ళి, అనుమతి అడిగి వంటవాడి పక్కగా నిలబడండి. పెద్ద ఇనప పలక మీద నీళ్ళు చల్లుతాడు, చీపురుతో ఊడుస్తాడు, వరసగా పిండి పోస్తాడు, నూనె వేస్తాడు. అట్లకాడ దోశ అంచు కిందికి దూరేటప్పుడు మణికట్టు ఏ కోణంలో ఉంటుంది, లేచిన అంచు ఎటు వంగుతుంది, ఏ చోట రంగు ఎక్కువ తేరుతుంది, ఇవి ఫోన్‌లో స్లో మోషన్‌లో తీసుకోండి. ఆర్టిస్టును కూడా తీసుకెళ్ళండి. చూసి గీసిన మణికట్టుకీ ఊహించి గీసిన మణికట్టుకీ తేడా గోరంత సైజులో కూడా తెలుస్తుంది.

చెయ్యి గీసేటప్పుడు ఇంకో మాట. మీ ఆటలో వంట చేసేది ఒక ఆవిడ కదా, చేతికి గాజులు పెట్టండి. కాకపోతే డజను సన్న గాజులు గీస్తే చిన్న సైజులో బూడిదరంగు పట్టీలా కలిసిపోతాయి. లావుగా రెండు చాలు, ఆకుపచ్చవి. వేళ్ళు కూడా అంతే, ఐదూ విడివిడిగా గీయక్కర్లేదు, బొటనవేలు స్పష్టంగా ఉండి మిగతావి ఒక గుంపుగా ఉన్నా చెయ్యి అని తెలుస్తుంది. ఆవిరి తీసేయండి. ఆవిరి గీయడం ఆర్టిస్టులందరికీ ఇష్టమే, పెద్ద సైజులో అందంగానే ఉంటుంది. చిన్న సైజులో మాత్రం దోశ అంచుని మసకబారుస్తుంది. అంచే మీకు ప్రాణం.

ఆకారం సరిగ్గా కుదిరిందో లేదో తేల్చుకోడానికి దోశ, చెయ్యి, అట్లకాడ ఉన్న లేయర్లను పూర్తిగా నలుపుతో నింపి, వెనకంతా తెల్లగా పెట్టి చూడండి. ఆ నల్లటి ఆకారం ఒక్కటే చూసినా ఏదో లేపుతున్న చెయ్యి అని తెలియాలి. తెలియకపోతే చెయ్యి దోశకి అడ్డం వచ్చిందన్నమాట, కోణం మార్చాలి. రంగులు వేసే ముందే ఈ పరీక్ష అయిపోవాలి. రంగులు వేశాక మార్చమంటే ఆర్టిస్టుకీ బాధ, మీకూ ఖర్చు.

రంగుల దగ్గరికి వస్తే, ముందు ప్లే స్టోర్‌లో వంట ఆటల కోసం వెతికి ఆ ఫలితాల స్క్రీన్‌షాట్ తీసుకోండి. మీ ఐకాన్ ఎప్పుడూ ఒంటరిగా కనపడదు, ఆ వరసలోనే కనపడుతుంది. ఎరుపు, నారింజ, పసుపు రంగులూ, నోరు తెరిచి నవ్వే వంటవాడి ముఖాలూ ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. ఆ స్క్రీన్‌షాట్ మీద మీ ఐకాన్‌ని అతికించి చూస్తూ రంగులు నిర్ణయించుకోండి. దోశ ఎలాగూ బంగారు రంగు, వెచ్చటి రంగు. కాబట్టి వెనక చల్లటి రంగు ఉండాలి. నేనైతే నెమలికంఠం రంగు పెడతాను. దోశ ముందుకి దూకినట్టు ఉంటుంది, ఆ వరసలో వేరుగానూ కనపడుతుంది.

వెనక రంగు లేకుండా పారదర్శకంగా వదిలేయడం మాత్రం వద్దు. స్టోర్ లైట్ మోడ్‌లో పేజీ తెల్లగా ఉంటుంది, డార్క్ మోడ్‌లో నల్లగా ఉంటుంది. దోశ తెల్లటి వైపు లైట్ మోడ్‌లో మాయమవుతుంది, నల్ల పెనం డార్క్ మోడ్‌లో మాయమవుతుంది. ఐకాన్ నాలుగు అంచుల దాకా సొంత రంగు నిండి ఉండాలి. మూలలు మీరు గుండ్రం చేయొద్దు, నీడ కూడా వేయొద్దు. ప్లే స్టోరే మూలల్ని గుండ్రంగా కత్తిరించి నీడ వేస్తుంది. మీరూ వేస్తే రెండు అంచులు కనపడి చవకగా ఉంటుంది.

తర్వాత బొమ్మని గ్రేస్కేల్‌లోకి, అంటే రంగుల్లేని నలుపు-తెలుపులోకి, మార్చి చూడండి. ఇది చాలామంది వదిలేసే పని, నాకు అన్నిటికంటే ముఖ్యమైన పని. అరిటాకు మీద ఎర్ర చట్నీ రంగుల్లో అద్భుతంగా ఉంటుంది. గ్రేస్కేల్‌లో రెండూ ఇంచుమించు ఒకే బూడిద రంగులో కలిసిపోవచ్చు. ఎరుపు-ఆకుపచ్చ తేడా తెలియనివాళ్ళకి కూడా ఆ రెండూ అలాగే కలిసిపోవచ్చు. బ్రైట్‌నెస్ తగ్గించుకుని ఎండలో బస్సు కోసం నిలబడి ఫోన్ చూసేవాళ్ళకి కూడా దాదాపు అంతే. లేత, మధ్య, ముదురు అని మూడు మెట్లు విడిగా తెలియాలి. మీ విషయంలో దోశ లేత, వెనక రంగు మధ్య, పెనం ముదురు. ఈ మూడూ కుదిరితే రంగుల్లో చిన్న తప్పులున్నా బొమ్మ నిలబడుతుంది.

ముఖం పెట్టాలా వద్దా? మీ స్నేహితుడు ముఖం ఉండాల్సిందే అంటున్నారని రాశారు. ఆయన వాదనలో బలం ఉంది. 2009లో వచ్చిన యాంగ్రీ బర్డ్స్‌కి ఎర్ర పిట్ట ముఖం, 2012లో వచ్చిన క్లాష్ ఆఫ్ క్లాన్స్‌కి అరుస్తున్న యోధుడి ముఖం, వీటి తర్వాత స్టోర్ అంతా అరిచే ముఖాలే. మనిషి కన్ను ముఖం దగ్గర ఆగుతుంది, అది నిజం. కానీ ఆ ఆటల్లో ఆ పాత్రలే ఆట. మీ ఆటలో వంట చేసే ఆవిడ ముఖాన్ని ఆడేవాళ్ళు అసలు చూడరు, వాళ్ళ కళ్ళు పెనం మీదే ఉంటాయి. కాబట్టి ఒక నమూనా ముఖం లేకుండా చేయించండి. రెండో నమూనాలో ఆకలితో దోశ వైపే చూస్తున్న ఒక్క కస్టమర్‌ని పెట్టండి, చూపు మాత్రం బయటికి కాకుండా దోశ మీద ఉండాలి. చూసేవాళ్ళ కన్ను ఆ చూపు వెంటే వెళ్ళి దోశ దగ్గర ఆగుతుంది. ఈ రెండిట్లో ఏది గెలుస్తుందో చూద్దాం. నా పందెం మొదటిదాని మీద.

ఆట పేరు ఐకాన్‌లోంచి తీసేయండి. ప్లే స్టోర్‌లో ఐకాన్ పక్కనే పేరు అక్షరాల్లో ఉంటుంది. తెలుగు అక్షరాలు చిన్న సైజులో ఇంకా నలిగిపోతాయి, ఒత్తులు కిందికీ గుడులు పైకీ పోతాయి కాబట్టి ఒక వరస రాయాలన్నా ఎత్తు ఎక్కువ కావాలి. తెలుగు మీద మీకున్న ఇష్టం నాకు అర్థమైంది, దాన్ని వదులుకోమనడం లేదు. ప్లే కన్సోల్‌లో (మీరు ఆటని ప్లే స్టోర్‌కి ఎక్కించే చోటు) తెలుగు స్టోర్ లిస్టింగ్, అంటే తెలుగు స్టోర్ పేజీ, విడిగా పెట్టుకోవచ్చు, దానికి బొమ్మలు కూడా విడిగా ఇవ్వొచ్చు. పేరుని 1024×500 ఫీచర్ గ్రాఫిక్‌లో (స్టోర్ కోసం విడిగా ఇచ్చే అడ్డం బొమ్మ) పెద్దగా, లావుగా రాయించండి. గూగుల్ ఫాంట్స్‌లో రామభద్ర, బాలూ తమ్ముడు లాంటి లావు ఫాంట్లు ఉచితంగా ఉన్నాయి. ఫోటోషాప్‌లో ఒత్తులు విడిపోతుంటే టైప్ సెట్టింగుల్లో భారతీయ లిపులకు పనికొచ్చే లేఅవుట్ ఎంచుకోవాలి. అది మర్చిపోయి విరిగిన అక్షరాలతో పోస్టర్లు అచ్చువేయడం చూస్తూనే ఉన్నాం, మీ ఆటకి అలా జరగకూడదు. ఫీచర్ గ్రాఫిక్‌కి వీడియో కూడా జతచేస్తే దాని మీద ప్లే బటన్ పడుతుంది, పేరు సరిగ్గా మధ్యలో పెట్టకండి.

ఐకాన్ మీద ‘ఫ్రీ’, ‘నంబర్ 1’, ‘కొత్తది’ లాంటి బిళ్ళలు అతికించొద్దు. 2021 నుంచి ప్లే స్టోర్ నియమాలు వాటిని ఒప్పుకోవడం లేదు.

ఫోన్ హోమ్ స్క్రీన్ మీద కనపడే ఐకాన్ వేరే సంగతి. ఆండ్రాయిడ్ 8 నుంచి అది రెండు పొరలుగా ఉంటుంది, ఒక్కో కంపెనీ ఫోన్ ఒక్కోలా కత్తిరిస్తుంది, కొన్నిట్లో పూర్తి గుండ్రంగా వస్తుంది. 108 యూనిట్ల చతురస్రంలో మధ్యనున్న 66 యూనిట్ల వృత్తం ఒక్కటే ఎప్పుడూ తెగకుండా ఉంటుంది. దోశ అంచు, అట్లకాడ కలిసే చోటు ఆ వృత్తంలో పడాలి. మణికట్టు తెగిపోయినా ఫర్వాలేదు.

బొమ్మ ఎంత ఊరించినా ఆటలో లేనిదాన్ని మాత్రం చూపించొద్దు. మంటలు లేచిన వంటిల్లు, ఏడుస్తున్న పిల్లాడు లాంటివి పెడితే ఇన్‌స్టాల్స్ పెరగొచ్చు, మొదటి రోజే తీసేసేవాళ్ళు కూడా పెరుగుతారు. 2020లో బ్రిటన్ ప్రకటనల నియంత్రణ సంస్థ హోమ్‌స్కేప్స్, గార్డెన్‌స్కేప్స్ ఆటల ప్రకటనలు రెండిటిని తప్పుదోవ పట్టించేవని తేల్చింది. వాటిలో చూపించిన ఆటకీ లోపలున్న అసలు ఆటకీ పోలిక తక్కువ. మీది దోశ తిప్పే ఆట, దోశ తిప్పడమే చూపిస్తున్నారు. ఆ నిజాయితీ వల్ల వచ్చినవాళ్ళు వెళ్ళిపోకుండా నిలుస్తారు. ఏఐతో తీసిన బొమ్మలకీ నా అభ్యంతరం ఇదే. లోపల మీ ఆర్టిస్టు గీసిన దోశ ఒకలా, బయట ఐకాన్‌లో మెరిసే దోశ ఇంకోలా ఉంటే తెరిచిన మొదటి స్క్రీన్‌లోనే మోసపోయినట్టు అనిపిస్తుంది.

పరీక్ష ఎలా చేయాలో చెప్తాను. ముందు మనుషులతో. మారతహళ్లిలో ఆంధ్రా మెస్‌లకీ పీజీలకీ కొదవ లేదు. మీ ఆట గురించి తెలియనివాళ్ళకి ఆ స్టోర్ స్క్రీన్‌షాట్‌ని ఫోన్‌లో ఒక్క క్షణం చూపించి దాచేయండి. ‘బాగుందా అన్నా’ అని అడగకండి, మొహమాటానికి అందరూ బాగుందనే అంటారు. ‘ఏ బొమ్మ గుర్తుంది? ఆ ఆటలో ఏం చేయాలి?’ అని అడగండి. ‘దోశ తిప్పాలి’ అంటే గెలిచారు. ‘హోటల్ ఏదో ఉంది’ అంటే ఇంకా పని ఉంది. ‘ఏదో బ్రౌన్‌గా ఉంది’ అంటే మళ్ళీ నల్లటి ఆకారం దగ్గరికి వెళ్ళండి.

ఆ తర్వాత ప్లే కన్సోల్‌లో స్టోర్ లిస్టింగ్ ఎక్స్‌పెరిమెంట్, అంటే పేజీకి వచ్చేవాళ్ళలో కొందరికి ఒక ఐకాన్, కొందరికి ఇంకోటి చూపించి పోల్చే పరీక్ష. ఇప్పుడున్న ఐకాన్‌కి పోటీగా మూడు నమూనాల దాకా పెట్టొచ్చు. మీ పేజీకి వచ్చేవాళ్ళు తక్కువ కాబట్టి రెండు నమూనాలే పెట్టండి, ఎక్కువ పెడితే ఉన్న జనం ముక్కలైపోయి ఏదీ తేలదు. కనీసం వారం నడపండి, శని ఆదివారాలు అందులో ఉండాలి. మనకి సెలవు రోజుల్లో ఆడేవాళ్ళూ ఆఫీసు రోజుల్లో ఆడేవాళ్ళూ వేరు. ఆ వారం స్క్రీన్‌షాట్లు, వివరణ ఏదీ ముట్టుకోకండి. తేడా చాలా చిన్నదిగా వస్తే దాన్ని నమ్మి సంబరపడొద్దు. వచ్చే జనం మరీ తక్కువైతే ఈ ఎక్స్‌పెరిమెంట్ మానేసి మెస్‌లో వచ్చిన జవాబులనే నమ్ముకోండి, తప్పు లేదు.

వచ్చి కూడా ఇన్‌స్టాల్ చేయనివాళ్ళ సంగతి ఐకాన్ కంటే ఎక్కువగా స్క్రీన్‌షాట్లది. మీ మొదటి స్క్రీన్‌షాట్ మెనూ స్క్రీన్. దాన్ని తీసేసి పెనం మీద మూడు దోశలు, ఒకటి మాడబోతోంది, ఎదురుగా కస్టమర్ విసుక్కుంటున్నాడు, ఆ స్క్రీన్ పెట్టండి. ఐకాన్‌లో చూసిన పని అక్కడ కొనసాగాలి. 1080×1920 నిలువు స్క్రీన్‌షాట్లు కనీసం మూడు ఉంటే ప్లే స్టోర్ సిఫారసు వరసల్లో పెద్ద సైజులో చూపించే అవకాశం కూడా ఉంటుంది.

తర్వాత కంప్యూటర్ ఆటలు అమ్మే స్టీమ్ స్టోర్‌లో కూడా పెడతామన్నారు. అక్కడికి ఈ ఐకాన్‌ని సాగదీసి పంపకండి. స్టీమ్‌లో చిన్న బొమ్మ అడ్డంగా 462×174 ఉంటుంది, కొన్నిచోట్ల 120×45కి కుదించి చూపిస్తారు, అందులో ఆట పేరు చదవగలిగేలా ఉండాలి. అంటే ఇక్కడ తీసేయమన్న పేరే అక్కడ బొమ్మలో ముప్పావు వంతు ఆక్రమించాలి. పైగా 2022 సెప్టెంబర్ నుంచి వాటి మీద రివ్యూ మాటలు, అవార్డులు, డిస్కౌంట్ రాతలు పెట్టనివ్వడం లేదు.

ఉగాదికి, దసరాకి ఐకాన్ మార్చాలనుకుంటున్నారు కదా, మార్చండి, కానీ నెమలికంఠం రంగు అలాగే ఉంచి గాజుల పక్కన మామిడాకు తోరణమో బంతిపువ్వో చేర్చండి. ఆడేవాళ్ళు హోమ్ స్క్రీన్ మీద మీ ఆటని రంగుతోనే గుర్తుపడతారు, రంగు మారిస్తే వెతుక్కుంటారు.

ఆర్టిస్టుకి ఈ పని విడిగా డబ్బులిచ్చి చేయించండి. ఆట లోపలి బొమ్మల ఖర్చులో ఐకాన్‌ని ‘ఇదొకటి కూడా’ అని కలిపేయడం ఇక్కడ చాలాచోట్ల అలవాటైపోయింది, అందుకే ఆ పనికి అంతే శ్రద్ధ దొరుకుతుంది. పెన్సిల్ నమూనాలు ముందు ఐదారు అడగండి, వాటిలోంచి ఎంచుకున్న రెండిటికే రంగులు వేయించండి. దోశ, చెయ్యి, పెనం, వెనక రంగు వేర్వేరు లేయర్లలో ఉన్న ఫైలు తీసుకోండి, హోమ్ స్క్రీన్ ఐకాన్‌కీ పండగ మార్పులకీ అదే పనికొస్తుంది. రెండు నమూనాలూ తయారయ్యాక నాకు చూపించండి, 48 పిక్సెళ్ల సైజులోవి మాత్రమే పంపండి. పెద్దవి చూస్తే నాకూ ఆవిరి నచ్చేస్తుంది.